పల్లి పాలు

పొద్దుగాల ఐదున్నరకు పాల సెంటరు షట్టరు లేపుత.
మొదలు కుర్మయ్య క్యాను, ఎనక సవారమ్మ బిందె.
ఆ తర్వాత మొఖాలు చూడను, మూతలే చూస్త.
మూత తీయంగనె చెప్త
ఏ బర్రె పచ్చిగడ్డి మేసింది, ఏది ఒట్టి చొప్ప నమిలింది,
ఎవరి బోరు రాత్రి పాలల్లకు నడిచొచ్చింది.
మిషిని మీద వెన్న అంకె తర్వాత పడ్తది.

పదకొండేండ్ల సంది కొలుస్తున్న.
నాకు పాలు పడవు.

గ్లాసెడు తాగితె కడుపుల కప్పలు దుంకుతయ్.
శాన ఏండ్లు దిష్టి అనుకున్న,
ఓ ఏడు ఎండలు అనుకున్న.
నాగర్‌కర్నూల్ల డాక్టరు చీటీ రాసుకుంటనె చెప్పిండు:
"పాలల్ల ఉండే తీపి నీ పేగులకు అరగదమ్మా.
నీ తీరు మంది శాన మందే ఉన్నరు."
"మరి చాయ?" అన్న.
ఆయన ఇంకొకరి చీటీ అందుకున్నడు.

హోటలు జంగయ్య పడి పడి నవ్విండు,
"కల్లు దుకాణపోనికి కల్లు పడనట్టు!"
నవ్వుకుంటనె ఒట్టి డికాషను నా ముందర పెట్టిండు,
చక్కెర ఒక చెంచ ఎక్కువేసి.

పాలమూరుకు పోయిననాడు
అద్దాల దుకాణంల చూసిన బాదం పాల డబ్బ.
మా బడి ముందర బాదం చెట్టుంటుండె,
ఎర్రటాకులు, రాళ్లతోటి మేం పగలగొట్టిన కాయలు.
ఆ బాదం కాదంట ఇది.
రేటు చూసి మనసుల లెక్క కట్టిన:
సవారమ్మ ఆరు లీటర్లు పిండితె ఈ డబ్బ ఒక్కటి.
తీసిన చోటనె పెట్టిన,
బొమ్మ ముందరికి తిప్పి.

మా అక్క బిడ్డ అక్కడ్నే డిగ్రీ చదువుతది.
పేరు నవనీత, పేరుల వెన్న పెట్టుకొని
"పాలు దూడవి చిన్నమ్మా, మనయి గావు" అన్నది.
పోయిన నెల సవారమ్మ బర్రెకు దున్న దూడ పుట్టింది.
ఎవ్వరు పేరు పెట్టలె.
మూడో వారానికి కొట్టంల గుంజ ఒక్కటే ఉండె.
నేనేం అడగలె, బిల్లు రాసిచ్చిన.
"నిజమే బిడ్డా" అన్న నవనీతతోటి.
బర్రె కిస్తు ఇంక పద్నాలుగు నెలలున్నదని చెప్పలె.

ఇంట్ల పల్లికాయ ఉన్నది, మా సేన్లదే,
రెండెకరాల్ల వాన ఎగ్గొట్టంగ మిగిలింది.
రాత్రి నానేసి, పొట్టు పిసికి, మిక్సీ పట్టి
పాత దోతి గుడ్డల పిండిన.
మొదటిసారి పచ్చి వాసన.
రెండోసారి అడుగంటింది.
మూడోసారి చాయల పోస్తె విరిగి
ముక్కలు ముక్కలై నా దిక్కు చూసింది.
మా ఆయన ఒక్క గుటక మింగి
"ఇవి పాలు గావే, పల్లి కడుగు" అన్నడు.
నాలుగోసారి చాయ జరంత చల్లారనిచ్చి పోసిన,
యాలక్కాయ ఒకటి దంచి.
ఆయన ఏమనలె.
గ్లాసు మాత్రం ఖాళీగుండె.

గుడ్డల మిగిలిన పిప్పి పారబోస్తుంటె
సవారమ్మ కొంగు పట్టింది,
"మా బర్రెకియ్యరాదె."
అప్పటిసంది రోజు ఇస్తున్న.

నిన్న ఆమె బిందె మూత తీసిన.
వాసన పట్టినట్టె అనిపించింది:
మా సేను, మా నానిన రాత్రి, మా దోతి గుడ్డ.
మిషిని ఆరు పాయింటు తొమ్మిది చూపిచ్చింది,
ఎన్నడు లేంది రెండు పాయింట్లు ఎక్కువ.
ఆమె పేరు ముందర రాసిన.
"ఎన్ని పైసలు పెరుగుతయే?" అని రెండుసార్లు అడిగింది,
రెండుసార్లు చెప్పిన.

షట్టరు దించి ఇంటికొచ్చి
నా పాలు నేను పొయ్యి మీద పెట్టుకుంట.
ఒక్క ముచ్చట ఎవ్వరికీ చెప్పలె.
ఎవరింట్లనన్న కాగిన బర్రె పాల మీద
మీగడ మడత పడేటప్పుడు
ఇప్పటికీ నా వేలు
దానంతట అదే లేస్తది.